డ్రైవరు మాట నమ్మాలా, మరిది మాట నమ్మాలా?

జయపురం నుంచి ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వెయ్యొద్దన్నారు. భర్త గుండెపోటుతో పోయి ఏడాదిన్నర అయింది. ఇద్దరు పిల్లలు, 11 ఏళ్ల నాటి ఆరు టైర్ల లారీ, దాని మీద ఇంకా 14 నెలల కిస్తీలు ఆమెకి మిగిలాయి. కోరాపుట్, సుంకి, సాలూరు మీదుగా బియ్యం బస్తాలు విశాఖకి దించడం, వచ్చేటప్పుడు సిమెంటో ఉప్పో ఎక్కించుకు రావడం ఆ బండి పని. నడిపేది భర్త ఉన్నప్పటి నుంచీ ఉన్న డ్రైవరే. యాభై దాటినాయన, ఇంట్లో అందరూ అన్నియ్యా అని పిలుస్తారు. రిపేర్లు చూసేది ఆమె మరిది. ఊళ్లోనే చిన్న షెడ్డు ఉంది. వదిన దగ్గర కూలి డబ్బులు తీసుకోడు.

మూడు నెలలుగా ఇంట్లో ఒకటే గొడవ. బండి 50 మీద ఉన్నప్పుడు ముందు చక్రం గోతిలో పడితే స్టీరింగు గజగజ వణుకుతుందట, బాగా స్లో చేస్తే గానీ ఆగదట. తిన్నని రోడ్డు మీద కూడా చేత్తో అటూ ఇటూ సర్దుకుంటూనే ఉండాలట. ఎడమ ముందు టైరు ఐదు నెలలకే గుంటలు గుంటలుగా అరిగింది. "కింగ్‌పిన్నులు పోయాయి, లోడుతో ఘాటీ దిగను" అని అన్నియ్య కూర్చున్నాడు. కింగ్‌పిన్నంటే ముందు చక్రం అటూ ఇటూ తిరగడానికి ఇరుసు కొసలో గుచ్చి ఉండే లావుపాటి పిన్ను. ఆయన చూపించిన సాలూరు మెకానిక్ అన్నీ కలిపి 40 వేలు అవుతుందన్నాడు. మరిది మాట ఇంకోలా ఉంది: "కింగ్‌పిన్నులు పోయినేడాదే మార్చాను, అంత తొందరగా పోవు. స్టీరింగ్ బాక్సు కూడా బిగించాను. అలైన్‌మెంట్ చేయిస్తే సరిపోతుంది. అక్కడ వాడికి కమిషన్ ముడుతుంది వదినా, అందుకే ఈ కథలు."

"నాకు స్పానర్ పట్టుకోవడం కూడా రాదు," అని ఆమె ముగించారు. "ఎవర్ని నమ్మమంటారు? అన్నియ్యని మాన్పించి వేరే డ్రైవర్ని పెట్టుకోమంటున్నాడు మరిది. ఆ పని చేస్తే తప్పు చేసినదాన్ని అవుతానా? చెయ్యకపోతే ఉన్న ఒక్క మగదిక్కుతో గొడవ పెట్టుకున్నదాన్ని అవుతానా?"

అమ్మా,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఇద్దరి గొడవ గురించి మూడు పేజీలు రాశారు. బండి గురించి రాసింది ఒక్క పేజీ. నాకు పనికొచ్చింది ఆ ఒక్క పేజీయే. అందులో కూడా మీరు యథాలాపంగా రాసేసిన రెండు మాటల దగ్గర నేను ఆగిపోయాను. ఒకటి, నాలుగు నెలల కిందట ముందు చక్రాలకి బ్రేక్ లైనింగులు మార్పించామని. రెండోది, మరిది బాక్సు బిగించాక చేతిలో లూజు తగ్గింది గానీ, మలుపు తిరిగాక స్టీరింగు దానంతట అది వెనక్కి రావడం లేదని అన్నియ్య అన్నాడని. వీటి దగ్గరికి మళ్లీ వస్తాను.

ముందు ఒక చిక్కు విప్పుకుందాం. ఎవర్ని నమ్మాలి అని అడిగారు. ముందు చక్రం ఆడుతోందా లేదా అన్నది నమ్మకాల మీద తేలే సంగతి కాదమ్మా. జాకీ ఎత్తితే కంటికి కనబడుతుంది. మీకు స్పానర్ పట్టుకోవడం రాకపోయినా ఫర్వాలేదు, పట్టుకునేవాళ్లు ఇద్దరున్నారు. మీరు టార్చి పట్టుకుంటే చాలు. పైగా కమిషన్ విషయం వేరు, బండి విషయం వేరు. అన్నియ్యకి కమిషన్ ముట్టొచ్చు, అయినా కింగ్‌పిన్ను నిజంగానే పోయి ఉండొచ్చు. మరిది మనసులో ఏ కల్మషమూ లేకపోవచ్చు, అయినా చేసిన పని తేడా కొట్టి ఉండొచ్చు.

ఏం చూడాలో చెబుతాను. బండి ఖాళీగా ఉండాలి, కింద చదునైన సిమెంటు నేల ఉండాలి. వెనక చక్రాలకి ముందూ వెనకా దిమ్మలు పెట్టాలి. జాకీ ఇరుసు కింద పెట్టి ఎత్తాక, దాని పక్కన స్టాండు కూడా పెట్టాలి. ఒట్టి జాకీ మీద ఉన్న బండి కిందకి ఎవర్నీ దూరనివ్వకండి, మీ మరిదిని కూడా. ఎడమ చక్రం నేల నుంచి నాలుగు వేళ్లు లేస్తే చాలు. ఎత్తే ముందే ఇంజను నడిపి గాలి ట్యాంకులు నింపుకుని, తర్వాత ఆపెయ్యాలి. గాలి లేకపోతే బ్రేకు పట్టదు, మన పరీక్షకి బ్రేకు కావాలి.

ఒకరు టైరు పైన ఒక చెయ్యి, కింద ఒక చెయ్యి వేసి లోపలికీ బయటికీ ఊపాలి. లారీ చక్రం బరువు కాబట్టి టైరు కింద గునపం పెట్టి ఎత్తి వదిలినా తెలుస్తుంది. ఊగిందనుకోండి, అక్కడితో "చూశారా, కింగ్‌పిన్ను పోయింది" అని అన్నియ్య అనొచ్చు. ఒప్పుకోకండి. ఊగేది హబ్బు బేరింగు వల్ల, అంటే చక్రం నడిమధ్య అది తిరిగే బేరింగు వల్ల కూడా కావచ్చు. ఇప్పుడు ఇంకొకర్ని క్యాబిన్‌లో కూర్చోబెట్టి బ్రేకు గట్టిగా తొక్కి పట్టుకోమనండి. మళ్లీ ఊపండి. ఊగడం ఆగిపోయిందా? అయితే లూజు హబ్బు బేరింగులో ఉంది. బ్రేకు తొక్కినా అలాగే ఊగుతోందా? అది కింగ్‌పిన్ను, దాని చుట్టూ ఉండే బుష్షులు. ఎందుకంటే బ్రేకు పట్టినప్పుడు డ్రమ్ము, లోపలి బ్యాక్ ప్లేటు, చక్రాన్ని మోసే పొట్టి ఇరుసు అయిన స్టబ్ యాక్సిల్ మూడూ ఒకే ముద్ద అయిపోతాయి. హబ్బులో ఉన్న ఖాళీ అప్పుడు ఆడలేదు. కింగ్‌పిన్ను ఆ ముద్దకీ ఇరుసుకీ మధ్య ఉంటుంది, దాన్ని బ్రేకు ఆపలేదు.

మీరు టార్చి వెయ్యాల్సింది చక్రం లోపలి వైపు. ఇరుసు కొస కన్నం, దానికి పైనా కిందా పట్టుకున్న స్టబ్ యాక్సిల్ చెవులు కనబడతాయి. గునపంతో ఎత్తినప్పుడు ఆ చెవికీ ఇరుసుకీ మధ్య సందు తెరుచుకుని మూసుకుంటోందేమో చూడండి. అక్కడ గ్రీజు నల్లగా జిగటగా ఉంటే సరే. తుప్పు రంగు పొడి కనబడితే ఆ పిన్ను చాన్నాళ్లుగా గ్రీజు మొహం చూడలేదన్న మాట. రెండు చక్రాలకీ ఇదే పని. వేరే ఏ పరీక్షా చెయ్యకపోయినా ఈ ఒక్కటి తప్పకుండా చెయ్యండి.

తర్వాత బండి కిందకి దించాలి. మిగతా జాయింట్లు చక్రాలు నేల మీద ఉండగానే చూడాలి, గాల్లో ఉంటే చక్రం తేలిగ్గా తిరిగిపోయి లూజు దాక్కుంటుంది. పవర్ స్టీరింగు కాబట్టి ఇంజను ఆన్‌లో ఉండాలి. గేరు న్యూట్రల్లో, హ్యాండ్ బ్రేకు వేసి, దిమ్మలు పెట్టినవి పెట్టినట్టే ఉంచి, ఒకరు స్టీరింగుని జానెడు అటూ జానెడు ఇటూ తిప్పుతూ ఉండాలి. టార్చి పట్టుకున్నవాళ్లు పక్క నుంచి వరసగా చూసుకుంటూ వెళ్లాలి: బాక్సు, దాని కింద వేలాడే డ్రాప్ ఆర్మ్, అక్కడి నుంచి చక్రం వైపు వెళ్లే డ్రాగ్ లింకు రాడ్డు రెండు కొసలు, అక్కడి నుంచి చక్రం దగ్గరి ఆర్మ్, ఆ తర్వాత రెండు చక్రాల్నీ కలిపే టై రాడ్డు, దాని రెండు బాల్ జాయింట్లు. ఒకటి కదిలి దాని పక్కది కాసేపు కదలకుండా ఉండిపోతే, దొంగ ఆ రెండింటి మధ్యే ఉన్నాడు. బాక్సు ఛాసిస్ మీద బిగించిన బోల్టులు కూడా చూడాలి. స్టీరింగు తిప్పినప్పుడల్లా బాక్సే మొత్తంగా ఒక వెంట్రుక వాసి జరుగుతుంటే ఎన్ని జాయింట్లు మార్చినా ఒరిగేదేమీ లేదు.

చేతిలో లూజు ఎంతుందో కొలవడం కూడా మీరే చెయ్యొచ్చు. చక్రాలు తిన్నగా ఉంచి, స్టీరింగు రింగు మీద సుద్దతో గీత పెట్టి, ముందు చక్రం కదలడం మొదలయ్యే వరకూ రింగు ఎంత తిరిగిందో టేపుతో కొలవండి. 1989 కేంద్ర మోటారు వాహన నియమాల్లో 98వ నియమం ప్రకారం ఈ ఖాళీ 30 డిగ్రీలు దాటకూడదు. గడియారంలో 12 నుంచి 1కి ముల్లు జరిగినంత. 45 సెంటీమీటర్ల రింగు మీద అది దాదాపు 12 సెంటీమీటర్లు. అది చట్టం పెట్టిన ఆఖరి హద్దు. అంత ఖాళీతో సుంకి ఘాటీ దిగమంటే నేనూ దిగను.

ఇక నా అనుమానం. చూడకుండా చెబుతున్నాను కాబట్టి అనుమానమనే తీసుకోండి.

లైనింగులు మార్చాలంటే హబ్బు విప్పుతారు. తిరిగి బిగించేటప్పుడు చక్రం తిప్పుతూ నట్టు బిగించి, మళ్లీ కొంచెం వెనక్కి వదిలి లాక్ చెయ్యాలి. చాలా తక్కువ ఖాళీ ఉండాలి, కానీ ఉండాలి. మరీ బిగిస్తే బేరింగు వేడెక్కి కాలిపోతుంది. వదులైతే చక్రం ఊగుతుంది. మీ గొడవ మొదలై మూడు నెలలు, లైనింగులు మార్చి నాలుగు నెలలు. గోతిలో పడ్డాక మొదలై ఆగని వణుకు, టైరుకి గుంటలు, ఇవి హబ్బు లూజుకీ సరిపోతాయి, కింగ్‌పిన్నుకీ సరిపోతాయి. అలైన్‌మెంట్ తప్పితే టైరు సాధారణంగా ఇలా గుంటలు పడదు, గీతల అంచులు రంపం పళ్లలా ఒక వైపుకి తేలతాయి, చేత్తో నిమిరితే ఒకవైపు నున్నగా ఇంకోవైపు గరుగ్గా తగులుతుంది. బ్యాలెన్సింగ్ తేడా అయితే వణుకు ఒక స్పీడులో వచ్చి అది దాటితే తగ్గుతుంది, గోతి కోసం ఎదురు చూడదు. నేను కుర్రాడిగా పని నేర్చుకున్న షెడ్డులో ఒక బండికి కొత్త పిన్నులు, బుష్షులు వేసి పంపాం. మూడో రోజుకి అదే వణుకుతో తిరిగొచ్చింది. ఊగుతున్నది హబ్బు. మేం బ్రేకు తొక్కి చూడలేదు, అంతే. ఆ పాఠం ఓనరు ఖర్చుతో నేర్చుకున్నాను, ఆయనకి ఇప్పటికీ తెలీదు.

అలాగని మీ మరిది గెలిచినట్టు కాదు. "పోయినేడాది మార్చాను కాబట్టి పోవు" అనేది లెక్క కాదు. గ్రీజు అందని పిన్నుకి ఏడాది చాలు. కొత్త బుష్షుల్ని రీమర్‌తో, అంటే కన్నాన్ని సరైన సైజుకి చెక్కే పనిముట్టుతో, పైదీ కిందదీ ఒకే వరసలోకి తేకపోతే తొందరగా అరుగుతాయి. అన్నిటికంటే పెద్దది, ఇరుసు కన్నమే అరిగిపోయి ఉంటే ఎంత కొత్త పిన్ను వేసినా అందులో అది ఊగుతుంది. అప్పుడు సందులో రేకు ముక్క దూర్చి సర్దేసేవాళ్లు ఉంటారు. మీ బండికి అలాంటిది చెయ్యనివ్వకండి. స్టీరింగు భాగాలకి వెల్డింగు కూడా వద్దు.

ఆ రెండో మాట, స్టీరింగు వెనక్కి రావడం లేదన్నది, నన్ను ఎక్కువ భయపెట్టింది. లారీ ఎక్కువ సేపు నడిచేది తిన్నగా కాబట్టి స్టీరింగ్ బాక్సులో పళ్లు నడిమధ్యనే ఎక్కువ అరుగుతాయి, పక్కలకి తక్కువ. మధ్యలో ఉన్న ఖాళీ పోయే దాకా స్క్రూ బిగిస్తే మలుపు తిప్పినప్పుడు అరగని పళ్ల దగ్గర బిర్రుగా పట్టేస్తుంది. చేతికి లూజు తగ్గినట్టు అనిపిస్తుంది, నిజానికి లూజు ఎక్కడుందో అక్కడే ఉండి, దాని మీద ఒక బిగుతు వచ్చి కూర్చుంటుంది. హెయిర్‌పిన్ మలుపు తిరిగాక చక్రం తిన్నగా రాకపోతే, పొగమంచులో, లోడుతో ఆ ఒక్క క్షణం చాలు. అయితే పిన్ను ఎండిపోయినా, బరువు మోసే దాని థ్రస్ట్ బేరింగ్ పట్టేసినా ఇలాగే ఉంటుంది. తేల్చుకోవాలంటే ముందు రెండు చక్రాలూ ఎత్తి, స్టాండ్ల మీద నిలబెట్టి, డ్రాగ్ లింకు ఊడదీసి, చక్రాన్ని చేత్తో అటూ ఇటూ తిప్పాలి. తేలిగ్గా తిరిగితే తప్పు బాక్సుది, బిగుసుగా తిరిగితే పిన్నుది. ఇది మెకానిక్ చెయ్యాల్సిన పని. మీరు చూస్తూ ఉండండి.

ఇప్పుడు మీ ముందున్న దారులు.

మరిది షెడ్డులోనే, అన్నియ్య ఉండగా, మీరు దగ్గర నిలబడి ఇవన్నీ చేయించొచ్చు. ఖర్చు ఉండదు, ఇంటి మాట ఇంట్లోనే ఉంటుంది. కానీ తన పనిలో తప్పు తనే పట్టుకోవడం ఎవరికైనా కష్టం. "కొంచెం ఆట ఉంటుంది వదినా, మామూలే" అంటే అప్పుడు మీరు ఏం చేస్తారు? ఆ పరిస్థితి వస్తే వెంట్రుక వాసి ఆటని కూడా కొలిచే డయల్ గేజీతో కొలిచి, బండి కంపెనీ పుస్తకంలో ఉన్న కొలతతో పోల్చమనండి. గేజీ లేదంటే ఉన్న చోటికి వెళ్దామనండి.

లేదా మొదటే మూడో మనిషికి చూపించొచ్చు. అన్నియ్య చెప్పిన సాలూరు షెడ్డు కాదు, మరిది షెడ్డూ కాదు. సాలూరు నిండా లారీ పనివాళ్లే, ఇంకో చెయ్యి దొరక్కపోదు, కానీ బండిని ఖాళీగా, మెల్లగా, అదీ ముందు హబ్బు నట్టు చూసుకున్నాకే దించాలి. ఘాటీ దింపడం వద్దనుకుంటే జయపురంలోనే చూడండి. దీనికి మరిది చిన్నబుచ్చుకుంటాడు. ఆయన మీద అనుమానం అన్నట్టు కాకుండా ఉండాలంటే మీకొక సాకు ఉంది, అబద్ధం కూడా కాదు: ఎనిమిదేళ్లు దాటిన లారీకి ఏటా ఫిట్‌నెస్ చేయించాలి కదా, దానికి ముందు ఒకసారి బయట చూపిస్తానని చెప్పండి. నేనైతే ఈ దారి పడతాను. ఇద్దర్నీ వెంట తీసుకెళ్తాను, ఒకరు లేనప్పుడు ఇంకొకరితో వెళ్తే మళ్లీ అదే గొడవ మొదలవుతుంది.

ఘాటీ మానేసి నవరంగపూర్ వైపు చదును రోడ్ల మీద లోకల్ లోడ్లు వేసుకోవచ్చా అని అడిగారు. కిస్తీ టెన్షన్ నాకు అర్థమవుతుంది. కానీ లూజు హబ్బుదైతే చదును రోడ్డు మీద కూడా చక్రం ఊడొచ్చు. పరీక్ష అయ్యాక, లూజు ఒక బాల్ జాయింటులో కొద్దిగా ఉందని తేలితే ఆ జాయింటు మార్చేసి వెళ్లండి, అదేం పెద్ద ఖర్చు కాదు. పరీక్షకి ముందు మాత్రం లోడు వద్దు. ఇంకో సంగతి కూడా తెలుసుకోండి: మోటారు వాహన చట్టం 190వ సెక్షన్ ప్రకారం ప్రమాదకరమైన లోపం ఉందని తెలిసీ బండి నడిపితే నడిపినవాళ్లదే కాదు, నడపనిచ్చినవాళ్లదీ తప్పే. అన్నియ్య మీకు చెప్పేశాడు. ఇక తెలీదనడానికి లేదు.

అన్నియ్యని మాన్పించడం. కొత్త డ్రైవరు వస్తాడు, బండి తీస్తాడు, నోరెత్తడు. స్టీరింగు మీ ఆయన ఉన్నప్పుడు ఎలా ఉండేదో అతనికి తెలీదు కాబట్టి తేడా కూడా తెలీదు. మీ ఇంట్లో తెలిసిన మనిషి ఈయనొక్కడే. లోడు వద్దనడం వల్ల ఆయనకీ ట్రిప్పు భత్యం పోతోంది కదా, అది కూడా లెక్కలో వేసుకోండి. కమిషన్ అనుమానం ఉంటే దానికి మందు వేరే ఉంది. సామాను మీరే కొనండి, బిల్లు మీ పేర తీసుకోండి, ఊడదీసిన పాత సామానంతా గోనె సంచిలో వేసి ఇంటికి పంపమనండి. అరిగిన పిన్ను మీద గోరు పెట్టి గీస్తే మెట్టు తగులుతుంది, మెకానిక్ అక్కర్లేకుండానే తెలుస్తుంది.

40 వేలు ఒకేసారి ఎవరికీ ఒప్పుకోకండి. ముందు హబ్బు సరిచేసి చూడాలి, తర్వాత అవసరమైతే పిన్నులు, తర్వాత జాయింట్లు, బాక్సు స్క్రూ ఉండాల్సిన చోటికి తేవడం, అన్నిటికీ చివర అలైన్‌మెంట్. లూజు ఉండగా చేసిన అలైన్‌మెంట్ బండి షెడ్డు గేటు దాటేసరికి పోతుంది. జాయింటు నట్టులో, అది వదులు కాకుండా గుచ్చే స్ప్లిట్ పిన్ను దూరడానికి కన్నం కుదరకపోతే నట్టు ఇంకాస్త బిగించి కలపాలి, వదులు చేసి కాదు. పిన్ను కొత్తది వెయ్యాలి, పాతది వంచి మళ్లీ వాడకూడదు. రెండు రూపాయల దగ్గర కక్కుర్తి పడే చోటు అది కాదు.

మరిదితో ఏం మాట్లాడాలో కూడా అడిగారు. "నువ్వు తప్పు చేశావు" అనకండి, "ఈ బండి మీద అన్నియ్య ప్రాణం ఉంది, నువ్వే పక్కన ఉండి చూడు" అనండి. కూలి తీసుకోకుండా ఏడాదిన్నర చేసినవాడికి ఆ మాత్రం మర్యాద ఇవ్వాలి. ఈసారి మాత్రం కూలి ఇచ్చి చేయించుకోండి. డబ్బు ఇస్తే ఇది సరిగ్గా లేదు అని అడగడానికి మీకు నోరు వస్తుంది.

ఆ గుంటలు పడ్డ టైరుని వెనక్కి మార్చేద్దామని ఎవరైనా అంటే పరీక్ష అయ్యే దాకా ఒప్పుకోకండి, బయటి మెకానిక్ ముందుగా చూడాల్సింది దాన్నే. చూశాక నాకు రాయండి. ఎడమ చక్రమా కుడి చక్రమా, బ్రేకు తొక్కినప్పుడు ఊగడం ఆగిందా లేదా, ఈ రెండూ రాస్తే చాలు.